వకూ బకూ మధ్య

పర్లాకిమిడి స్టేడియంలో స్కోరు కాగితం
ఒడియాలో రాస్తారు.
ఆ లిపిలో వకూ బకూ ఒకటే గుడిసె,
లోపలున్నదెవరో చదివేవాడే ఊహించుకోవాలి.
నేను ఊహించాను. తొందరలో.
వాన. ఫోనులో చార్జి నాలుగు శాతం.
విశాఖ డెస్కు నుంచి వేదవల్లి గారు
"ఇంకో ఐదు నిమిషాలే" అంటున్నారు.
రాయగడ మీద గజపతి ఒకటి - సున్నా.
డెబ్బై ఒకటో నిమిషం. గోలు: వాసంతి.

ఆ గుంట నాకు తెలుసు,
కొమ్ము పని లింగాచారి కూతురు.
తెలిసిన పేరు కంటికి ముందు కనబడుతుంది,
సంతలో సొంతూరివాడు కనబడ్డట్టు.

రాత్రి తొమ్మిదికి లింగాచారి
వీధంతా ఖాజాలు పంచాడు.
గేదె కొమ్ముతో చెక్కిన కొంగ కింద, పీట మీద,
కూతురి పేరూ తేదీ
ఉలితో దించేశాడు.

తెల్లారి ఫోను.
"అంకుల్, ఆ గోలు నేను కొట్నేదు.
మోకాలికి పట్టీ కట్టుకుని బెంచీ మీదున్నాను.
కొట్టింది మా బాసంతి, గుమ్మ కొండల పిల్ల.
రాత్రే చెబుదామనుకున్నాను.
నాన్న నవ్వుతున్నాడని
ఒక్క రాత్రి ఆగాను."

ఆ ఒక్క రాత్రిని ఎక్కడ వేయాలో
మా డెస్కు నియమాల్లో లేదు.

ఉన్నవి వేరే.
చడీచప్పుడు లేకుండా పేరు మార్చకూడదు.
తప్పు ఏ వార్తలో ఉందో ఆ వార్త కిందే ఒప్పుకోవాలి,
ఎన్ని గంటలకు దిద్దామో వేయాలి.
"పొరపాటు దొర్లింది" అనకూడదు.
దొర్లడానికి అదేమైనా బంతా అంటారు వేదవల్లి గారు,
"రాశాం" అనాలి, రాసిన నోటితోనే.

ఇరవై రెండేళ్లలో చాలానే రాశాం.
ఒకసారి ఓడిపోయిన కబడ్డీ జట్టును గెలిపించాను.
మర్నాడు వాళ్లే వెతుక్కుంటూ వచ్చి
నాకు టీ ఇప్పించారు.
అప్పుడు దిద్దమన్నవాళ్లు లేరు.

స్కోరు మారలేదు కదండీ అని నసిగాను.
"స్కోరు జిల్లాది. గోలు ఆ పిల్లది"
అన్నారావిడ.

సవరణ అని కొడుతుంటే
మూడక్షరాల దగ్గర వేలు ఆగింది.
సవర.
అవును, సవర పిల్లే.
ఇన్నేళ్లుగా కొడుతున్న మాటలో
మనుషులున్నారని చూసుకోలేదు.

లింగాచారి ఏమీ అనలేదు.
కొంగను ఒళ్లో పడుకోబెట్టుకుని
ఆకురాయితో పేరు అరగదీశాడు.
కొమ్ము మీద రాత చెరపాలంటే కొమ్మునే తియ్యాలి.
పేరున్న మేర పీట పల్చబడి
ఎండకు పట్టి చూస్తే తేనెరంగు.
దాని మీదే కొత్త పేరు.
"ఇచ్చేసి రండి. లోతుగా దించలేదు,
పగిలిపోద్ది."

గుమ్మ దాటాక, మెట్ల పొలంలో,
బాసంతి కలుపు తీస్తోంది.
తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు.
గట్టు మీద నిలబడి నేనే చదివాను,
బళ్లో పాఠం ఒప్పజెప్పినట్టు:
"నిన్నటి వార్తలో గోలు కొట్టింది వాసంతి అని రాశాం.
అది తప్పు. కొట్టింది బాసంతి గొమాంగో.
పెనాల్టీ గీత అంచు నుంచి, కుడికాలితో."

విన్నది.
కొంగను అటూ ఇటూ తిప్పి చూసింది.
బురద వేళ్లతో
మోకాలి కింద ఒకసారి తట్టుకుంది.
"బాఁ గోడొ, సార్."

ఎడమకాలు.

అక్కడ సిగ్నలు లేదు.
మలుపులు దిగుతూ, జీడితోటల దగ్గర
ఒక గీత, మళ్లీ ఏమీ లేదు,
కల్వర్టు దాటాక రెండు గీతలు.
బండి పక్కకు ఆపాను.
వేదవల్లి గారు మళ్లీ ఏంటి అనలేదు.
కుర్చీ దగ్గరకు లాక్కున్న చప్పుడు,
ఆ తరవాత
"చెప్పండి, రాసుకుంటున్నాను."